కార్నియాలో ప్రాణవాయువు పెట్టు చిచ్చు

మానవశరీరమందలి అవయవములకు ఆహారమును, ప్రాణవాయువును మోసికొని వచ్చునది రక్తమే యనుట చిన్నతరగతుల పిల్లలకును తెలిసిన సంగతి. ఈ సామాన్యసూత్రమునకు లోబడక, రక్తనాళము నొక్కదానినైనను తన మధ్యభాగమునకు చేరనీయక, తనకు కావలసిన ప్రాణవాయువులో అధికభాగమును నేరుగా బయటిగాలినుండియే గ్రహించి జీవించు పటల మొకటి మన ముఖముననే నల్లగ్రుడ్డును కప్పి యున్నది. దానినే వైద్యులు కార్నియా యనియు, పాఠ్యగ్రంథకర్తలు శుక్లపటల మనియు వ్యవహరించుచున్నారు. నడిభాగమున దాని మందము అర మిల్లీమీటరుకంటె కించిత్తు అధికము. వెడల్పు 12 మిల్లీమీటర్లకు లోపు. అంత పలుచనిదయ్యును, కంటిలోనికి వచ్చు కాంతిని వంచి నేత్రపటలముపై కేంద్రీకరించు కార్యములో సుమారు మూడింట రెండుపాళ్లు అదియే నిర్వహించుచున్నది. కంటియొక్క మొత్తము శక్తి సుమారు 60 డయాప్టర్లు కాగా అందు కార్నియా పాలు 43. లోపలి కటకమునకు మిగిలినది స్వల్పమే.

తాను కనబడక అన్నిటిని కనబడజేయుటయే కార్నియా గొప్పతనము. దాని మందములో నూటికి 90 వంతులు స్ట్రోమా యనబడు నడిమిపొరది. ఆ పొరలో కొల్లాజెన్ అను ప్రోటీనుయొక్క తంతువులు, ఒక్కొక్కటి సుమారు 30 నానోమీటర్ల వ్యాసము గలవి, సమానమైన ఎడములతో, వరుసలు తప్పక పేర్చబడి యున్నవి. ఈ క్రమబద్ధతవలననే ప్రక్కలకు చెదరు కాంతి తనలో తానే రద్దయి, ముందునకు పోవు కాంతి మాత్రము నిలుచుచున్నదని 1957లో డేవిడ్ మారిస్ అను శాస్త్రజ్ఞుడు భౌతికశాస్త్రరీతిని వివరించెను. తంతువుల నడుమ నీరు చేరినను, పుండు మానినచోట క్రొత్తతంతువులు అడ్డదిడ్డముగా అల్లుకొన్నను ఆ క్రమము చెడును. చెడినంతనే పటలము తెల్లబారును. మన పల్లెలలో 'కంటిలో పువ్వు వేసినది' అని చెప్పుకొను స్థితి ఇట్టి క్రమభంగముయొక్క ఫలమే.

నిర్మలత్వమునకై రక్తమును విడనాడిన ఈ పటలము, అందులకు ప్రతిగా గాలికిని వెలుతురునకును జీవితాంతము ఎదురొడ్డి నిలువవలసి వచ్చినది. ఆ గాలిలోని ప్రాణవాయువును, ఆ వెలుతురులోని అతినీలలోహిత కిరణములును కలిసినచోట ఏమి జరుగునో గ్రహించినగాని, కార్నియాకు వచ్చు వ్యాధులలో పెక్కింటి స్వభావము మనకు బోధపడదు.

ప్రాణవాయువు పేరునకు తగినట్లు ప్రాణాధారమే. కాని రసాయనదృష్టితో చూచినచో మిక్కిలి చురుకైన పదార్థము. పొయ్యిలో నున్నంతసేపు అన్నము వండిపెట్టు నిప్పే చూరెక్కినపుడు ఇల్లు కాల్చునట్లు, కణములలో శక్తిని పుట్టించు ఆక్సీకరణమే హద్దు మీరినపుడు కణమును కబళించును. కణములందలి మైటోకాండ్రియాలలో ఆహారము దహింపబడునపుడు, ప్రాణవాయువుయొక్క ప్రతి అణువును నాలుగు ఎలక్ట్రాన్లను గ్రహించి నీరుగా మారవలసి యున్నది. అణువులలో కొన్ని నడుమనే ఆగిపోవును. ఒక్క ఎలక్ట్రానుతో ఆగినచో సూపర్ ఆక్సైడు పుట్టును. రెండింటితో ఆగినచో హైడ్రోజన్ పెరాక్సైడు ఏర్పడును. ఆ పెరాక్సైడునకు ఇనుము తగిలినచో, వీనియన్నింటిలో క్రూరమైన హైడ్రాక్సిల్ ప్రాతిపదిక వెలువడును. జతకూడని ఎలక్ట్రాను గల ఇట్టి స్వేచ్ఛాప్రాతిపదికలు ఎదుటపడిన అణువునుండి ఎలక్ట్రానును లాగికొని తాము శాంతించును గాని, నష్టపోయిన అణువు తానొక ప్రాతిపదికయై పొరుగుదానిపై పడును. ఈ విధముగా కణపు పొరలందలి క్రొవ్వులు చెడి మలోన్‌డైఆల్డిహైడు మొదలగు విషపదార్థములు పుట్టును, ప్రోటీన్లు వికలమగును, వంశబీజమైన డి.ఎన్.ఎ. తెగును.

ఇనుమునకును పెరాక్సైడునకును నడుమ జరుగు చర్యను 1894లో హెన్రీ ఫెంటన్ అను ఆంగ్లరసాయనవేత్త ప్రకటించినపుడు, అది ప్రయోగశాలలోని గాజుపాత్రలకు సంబంధించిన విషయముగనే యుండెను. ప్రాణవాయువు అతిగా ఇచ్చుటవలన కలుగు విషప్రభావమును, ఎక్స్ కిరణములవలన కలుగు హానియు ఒకే త్రోవను నడచుచున్నవనియు, ఆ త్రోవ స్వేచ్ఛాప్రాతిపదికలదే యనియు 1954లో రెబెకా గెర్ష్‌మన్ అను విదుషీమణియు, ఆమె సహచరులును ప్రతిపాదించిరి. సూపర్ ఆక్సైడును అణచుటకే ఒక ఎంజైము మన కణములలో నెలకొని యున్నదని 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనువారు కనుగొనుటతో ఆ ప్రతిపాదనకు బలము చేకూరెను. అణచుటకు పనివాడు నియమింపబడి యున్నాడనగా, అణచవలసిన శత్రువు నిత్యము లోపలనే పుట్టుచున్నాడని అర్థము గదా! పుట్టెడి ఆక్సీకారకములకును, వానిని అణచు శక్తులకును నడుమ నుండవలసిన సామ్యము ఆక్సీకారకముల పక్షమునకు మొగ్గుటకు 'ఆక్సీకరణ ఒత్తిడి' యను పేరు 1985లో జర్మనుదేశీయుడైన హెల్ముట్ సీస్ రచనలతో స్థిరపడెను.

ఈ బెడద ఇతర అవయవములకంటె కార్నియాకు ఏల అధికమో యిపుడు యోచింతము. కన్ను తెరచియున్నంతసేపు వాయుమండలపు ప్రాణవాయువు సుమారు 155 మిల్లీమీటర్ల పాదరసపీడనముతో దాని ముఖమును తాకుచుండును. నిద్రలో రెప్ప మూతపడగానే, రెప్ప లోపలి రక్తనాళములే దిక్కగుటచే ఆ పీడనము సుమారు 55కు పడిపోవును. దినమున కొకమారు సమృద్ధియు, ఒకమారు కొరతయు దానికి తప్పనివి. ఇక వెలుతురు సంగతి. 300 నానోమీటర్లకు లోపలి తరంగదైర్ఘ్యము గల అతినీలలోహిత కిరణములను దాదాపు పూర్తిగా కార్నియాయే తనలో ఇముడ్చుకొని, వెనుకనున్న కటకమును, నేత్రపటలమును కాపాడుచున్నది. ఇముడ్చుకొన్న ఆ శక్తి ఊరక పోక, స్వేచ్ఛాప్రాతిపదికలను పుట్టించును. దీనికి తోడు రక్తము లేమి యొకటి. తక్కిన అవయవములకు రక్షకపదార్థములను రక్తమే వెంటవెంట చేరవేయుచుండగా, కార్నియాకు ముందువైపున కన్నీరును, వెనుకవైపున కంటిలోపలి ద్రవమైన నేత్రోదకమును తప్ప అన్యశరణము లేదు.

ప్రకృతి యీ సంగతి నెరుగక పోలేదు. కార్నియా ముఖభాగమందలి కణములలో విటమిన్ 'సి' ఆశ్చర్యకరమగు పరిమాణములో నిలువయుండును. నేత్రోదకములో అది రక్తరసములోకంటె సుమారు 20 రెట్లు అధికము. ఇది కేవలము యాదృచ్ఛికము కాదనుటకు జంతుశాస్త్రమే సాక్ష్యమిచ్చుచున్నది: పగటివేళ తిరుగు క్షీరదముల కన్నులలో ఈ విటమిను మెండుగా నుండగా, రాత్రివేళ మాత్రమే సంచరించు నిశాచరములలో అది మిక్కిలి కొద్ది. ఎండలో బ్రతుకు ప్రాణికే ఆ కవచము కావలసివచ్చినదన్న మాట. మానవుని కార్నియా కణములలో నీట కరగు ప్రోటీన్లను పరిశీలించినచో, వానిలో పెద్దపాలు ఆల్డిహైడ్ డీహైడ్రోజినేస్ కుటుంబమునకు చెందిన ఒకే ఎంజైముదిగా కనబడును. చెడిన క్రొవ్వులనుండి పుట్టు ఆల్డిహైడులను హరించుట ఎంజైముగా దాని ధర్మము. కాని ఆ ధర్మమునకు వలసినదానికంటె ఎన్నియో రెట్లు అధికముగా అది కణములలో నిండి యుండుట చూచి, అతినీలలోహిత కిరణములను తానే మ్రింగివేయుట కూడ దాని పనియే యని శాస్త్రజ్ఞులు గ్రహించిరి.

కన్నీటిలో లాక్టోఫెరిన్ అను ప్రోటీను ఇనుమును పట్టి బంధించి ఫెంటన్ చర్యకు ఇంధనము లేకుండ చేయును. బోస్టనులోని లిన్సెన్‌మేయర్ బృందము 1997లో కోడిపిల్లల పిండములపై జరిపిన పరిశోధనలో మరియొక వింత బయటపడెను. సాధారణముగా కణరసములో నుండి ఇనుమును దాచు ఫెరిటిన్ అను ప్రోటీను, కార్నియా ముఖకణములలో కేంద్రకములోనికే చొరబడి డి.ఎన్.ఎ. చెంత కావలి కాయుచున్నది! హానిచేయు ఇనుమును వంశబీజమునకు దగ్గరనే పట్టివేయుట కిది యేర్పాటు. ఇన్ని రక్షణలు గల అవయవము మరియొకటి యుండుట అరుదు. ఇన్ని రక్షణలు అవసరమగుటయే దాని అపాయస్థితికి తార్కాణము.

ఒక్కసారిగా మితిమీరిన కిరణములు పడినచో ఈ రక్షణ లేవియు చాలవు. ముసుగద్దము లేకుండ వెల్డింగు వెలుగును చూచిన పనివానికి అప్పటికప్పుడు ఏమియు కాదు. 6 మొదలు 12 గంటలు గడచిన పిదప, అర్ధరాత్రివేళ, కంటిలో ఇసుక పోసినట్లు మంటయు, నీరుకారుటయు, వెలుతురు చూడలేకపోవుటయు మొదలగును. హిమపర్వతములపై నల్లద్దములు లేక సంచరించువారి బాధయు నిదియే. కిరణములవలన చెడిన ముఖకణములు ఆ వ్యవధిలో చచ్చి రాలిపోవుటచే లోపలి నరముల కొనలు బయటపడి ఈ యాతన కలుగును. అయితే ముఖకణములు మరల పుట్టు స్వభావము గలవి గనుక రెండుదినములలో కన్ను తేరుకొనును. ఏండ్ల తరబడి ఎండలో పొలముపనులు చేయువారికిని, సముద్రముపై చేపలు పట్టువారికిని కంటిలో కండ పెరుగుటకు కూడ ఇట్టి కిరణములే ప్రధానకారణము. ఆ కండ చాలమారు ముక్కువైపుననే పెరుగుట కేమి కారణమన, ప్రక్కనుండి పడిన కిరణములను కార్నియాయే వంచి ముక్కువైపు అంచునందలి మూలకణములపై కేంద్రీకరించుచున్నదని ఆస్ట్రేలియా వైద్యుడు మినాస్ కొరోనియో 1993లో సూచించెను.

ఇవి బాహ్యకారణము స్పష్టముగా కనబడు బాధలు. బయటి దెబ్బ యేదియు లేకయే లోలోపల కృశించు కార్నియాలలో సైతము ఆక్సీకరణపు జాడలు కలవా యను ప్రశ్నకు, కాలిఫోర్నియాలో క్రిస్టినా కెన్నీ, డొనాల్డ్ బ్రౌన్ మొదలగువారు 2002లో సమాధానము చూపిరి. కార్నియా మార్పిడి శస్త్రచికిత్సలో తీసివేయబడు వ్యాధిగ్రస్త పటలములను వారు ప్రతిదేహములతో పరీక్షింపగా, ఆరోగ్యవంతమైన కార్నియాలలో కానరానట్టియు, కానవచ్చినను అత్యల్పమైనట్టియు మలోన్‌డైఆల్డిహైడు వ్యాధిపటలములలో కనబడెను. శంకువువలె ముందునకు పొడుచుకొనివచ్చు కెరటోకోనస్ కార్నియాలలో, నైట్రిక్ ఆక్సైడు వికారమువలన పుట్టు నైట్రోటైరోసీను కూడ ప్రబలముగా నుండెను. వ్యాధి మారినకొలది ఈ మరకల అమరికయు మారుచుండెను. అనగా చిచ్చు ఒక్కటే. అది రగులుకొను చోటు వేరు.

ఆ చోటులలో అత్యంత దుర్బలమైనది కార్నియా వెనుకగోడయైన ఎండోథీలియము. ఆరుపలకల కణములు ఒకే వరుసగా పరచుకొని యేర్పడిన ఈ పొర మందము సుమారు 5 మైక్రాన్లు. స్ట్రోమా స్వభావముచేతనే నీటిని పీల్చునది. అట్లు చేరిన నీటిని నిరంతరము నేత్రోదకములోనికి తోడివేయు పంపులు ఈ కణములలో నున్నవి. పంపులకు శక్తినిచ్చునది ఏ.టి.పి. అను పదార్థము. 1929లో హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కూడి కండరములలో ఈ పదార్థమును కనుగొన్నవాడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ కాలముననే జర్మనీలో కార్ల్ లోమన్ సైతము దానిని స్వతంత్రముగా కనుగొనెను. ఏ.టి.పి.ని తయారుచేయునవి మైటోకాండ్రియాలు గనుక, ఎడతెగని పనిలోనున్న ఎండోథీలియ కణములలో అవి క్రిక్కిరిసి యుండును. ఆక్సీకారకములు పుట్టుచోటును ప్రధానముగా అవియే. మరియు ఈ కణములు మన శరీరములో నున్నంతకాలము మరల విభజన చెందవు. యౌవనమున చదరపు మిల్లీమీటరునకు 2,500 మొదలు 3,000 వరకు నుండు వీని సంఖ్య ఏటేట కొద్దికొద్దిగ తగ్గుచుండును. సుమారు 500లకు దిగినచో పంపులు చాలక కార్నియా ఉబ్బును.

వియన్నా నగరమున ఎర్నస్ట్ ఫూక్స్ అను మహావైద్యుడు 1910లో వర్ణించిన వ్యాధి ఈ క్షయముయొక్క అకాలరూపమే. సాధారణముగా నడివయస్సు దాటిన పిదప బయటపడు ఈ వ్యాధికి ఒక విచిత్రలక్షణము కలదు: ప్రొద్దున నిద్ర లేచినపుడు చూపు మంచు కప్పినట్లుండి, జాములు గడచినకొలది తేటపడును. రాత్రి రెప్పలు మూసియుండుటచే కంటినుండి నీరు ఆవిరి కాదు. బలహీనపడిన పంపులు ఆ బరువును మోయలేవు. పగలు గాలి సోకి కొంత నీరు ఆవిరి కాగా చూపు కుదుటపడును. వ్యాధి ముదిరినపుడు సాయంకాలమైనను తేట రాదు. ముఖకణముల క్రింద నీటిబొబ్బలు లేచి, పగిలినపుడెల్ల భరింపరాని నొప్పి కలుగును. వైద్యుడు స్లిట్ లాంపు అను పరీక్షాయంత్రముతో చూచునపుడు, ఎండోథీలియమునకు ఆధారమైన డెసిమే పొరపై గట్టా లనబడు చిన్న చిన్న బుడిపెలు కనబడును. బుడిపెలు విస్తరించినకొలది కణములు మాయమగుచుండును. మిగిలినవి తమ ఆకృతిని కోల్పోయి, ఖాళీని కప్పుటకై సాగి పెద్దవగును.

ఆ కణములు ఏల చచ్చుచున్నవో బోస్టనులోని షెపెన్స్ నేత్రపరిశోధనాలయమున ఉలా జుర్కునాస్ అను వైద్యురాలును, ఆమె సహచరులును 2010లో ప్రకటించిన పరిశోధన చాలవరకు తేటపరచెను. ఫూక్స్ వ్యాధి సోకిన ఎండోథీలియములో పెరాక్సైడులను హరించు ప్రోటీన్లు తరిగియుండెను. ఆక్సీకరణ ఒత్తిడి కలిగినపుడు రక్షక జన్యువుల నన్నిటిని మేలుకొలుపవలసిన ఎన్.ఆర్.ఎఫ్.2 అను నియామకప్రోటీను సైతము క్షీణించియుండెను, డి.ఎన్.ఎ.లో ఆక్సీకరణపు గాయములు పేరుకొని, అందును విశేషముగా మైటోకాండ్రియాల చెంత, కానవచ్చెను. మైటోకాండ్రియా చెడినకొలది ఆక్సీకారకములు హెచ్చును. అవి హెచ్చినకొలది మైటోకాండ్రియా మరింత చెడును. విషవలయ మనగా నిదియే.

వంశపారంపర్యమునకును ఇందు పాత్ర కలదు. ఐరోపాసంతతికి చెందిన రోగులను పరీక్షించి 2012లో ప్రకటించిన అధ్యయనములో, టి.సి.ఎఫ్.4 అను జన్యువులోని ఒక మూడక్షరముల పాఠము 50 సార్లకు మించి పునరుక్తమగుట నూటికి 79 మంది రోగులలో కానవచ్చెను. ఆరోగ్యవంతులలో అట్టివారు నూటికి ముగ్గురే. అయినను జన్యువే సర్వము కాదు. ఈ వ్యాధి స్త్రీలలో అధికమగుటకు కారణ మన్వేషించుచు, జుర్కునాస్ బృందము ఎలుకల కన్నులపై దీర్ఘతరంగ అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసి చూచెను. ఆడు ఎలుకలలో ఎండోథీలియము ముందుగను, అధికముగను చెడెను. ఆక్సీకరణ ఒత్తిడిలో ఈస్ట్రోజెన్ అను స్త్రీహార్మోను వికృతరూపము దాల్చి డి.ఎన్.ఎ.కు అంటుకొని గాయపరచుచున్నదని 2020లో వారు ప్రకటించిరి. పొగత్రాగుట ఈ వ్యాధితీవ్రతకు తోడ్పడునని వేరొక పరిశీలనలో తేలినది. జన్యువు, వెలుతురు, హార్మోను, పొగ — వేర్వేరు దారులను వచ్చిన ఈ నాలుగును కలిసికొనుచోటు ఆక్సీకరణ ఒత్తిడియే.

కెరటోకోనస్ కథ దీనికి భిన్నము. అది కౌమారమున మొదలగునది. ఎండోథీలియమును గాక స్ట్రోమాను బలిగొనునది. కొల్లాజెన్ పలుచబడి, కన్నులోపలి ఒత్తిడికి తాళలేక కార్నియా మొనదేలి, అద్దములు మార్చినకొలది మరల చూపు వంకరలు పోవుచుండును. సూపర్ ఆక్సైడును కణములవెలుపల హరించు ఎంజైము కెరటోకోనస్ కార్నియాల నడిభాగమున మామూలులో సుమారు సగమే యున్నదని స్వీడను పరిశోధకులు 2001లో కొలిచి చెప్పిరి. హరింపబడని ఆక్సీకారకములు కణములను గాయపరచగా, గాయపడిన కణములు వెలువరించు ఎంజైములు కొల్లాజెనును కరగించుచున్నవని కెన్నీ, బ్రౌనుల అభిప్రాయము. అలెర్జీచే దురదపుట్టి కన్నులను అదేపనిగా నలుపుకొను పిల్లలలో ఈ వ్యాధి ముదురుట వైద్యులందరును చూచుచున్నదే. నలుపుట సుఖముగనే యుండును గాని, దానివలన కలుగు చిన్నగాయములు వాపును, ఆక్సీకరణమును పెంచును.

ఆశ్చర్యమేమనగా, ఈ వ్యాధిని నిలుపు చికిత్సకు ఆధారమును ఆక్సీకరణమే. జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున వోలెన్సాక్, ష్పోర్ల్, సైలర్ అనువారు రైబోఫ్లేవిన్ అనగా విటమిన్ 'బి2' చుక్కలతో కార్నియాను తడిపి, 370 నానోమీటర్ల అతినీలలోహిత కిరణములను 30 నిమిషములు ప్రసరింపజేసిరి. రైబోఫ్లేవిన్ ఆ కిరణములను గ్రహించి చురుకైన ఆక్సిజన్ రూపములను పుట్టించును. అవి కొల్లాజెన్ తంతువుల నడుమ క్రొత్తబంధములు వేయును. కార్నియా గట్టిపడి వ్యాధి ముందునకు సాగదు. 2003లో వారు తమ తొలి అనుభవమును ప్రకటించిరి. 2016లో అమెరికా ఔషధనియంత్రణసంస్థ ఈ పద్ధతిని ఆమోదించెను. నేడిది మన నగరములలోను జరుగుచున్న చికిత్స. అయితే ఈ పద్ధతిని చేపట్టుటకు కార్నియా కనీసము 400 మైక్రాన్ల మందము కలిగి యుండవలెనని డ్రెస్డెన్ బృందమువారు నియమము పెట్టుకొనిరి. ఏలయన, అంతకు పలుచనైనచో కిరణములు వెనుకనున్న ఎండోథీలియమును చేరి, మరల పుట్టని కణములను కాల్చివేయును. ఒకే ఆక్సీకరణము ముందున ఔషధమును, వెనుక విషమును అగుచున్నది. కావున ఆక్సీకరణమును శత్రువని ఒక్కమాటతో కొట్టివేయుట శాస్త్రసమ్మతము కాదు. దాని చోటు, పాలు, వేళ తెలిసికొనుటయే విజ్ఞానము.

మన ఇండ్లలో ఎరుగకుండ జరుగు ఘోరములలో నొకటి సున్నము కంటబడుట. తమలపాకులకును, పొగాకునకును వాడు సున్నపు పొట్లమును పిల్లలు నొక్కి చూచునపుడు అది చిట్లి కంట పడును. క్షారము కార్నియాను దాటి లోపలికి దిగి, అంచునందలి మూలకణములను చంపును. వాపునకు పరుగెత్తివచ్చు తెల్లరక్తకణములు వెదజల్లు ఆక్సీకారకములు మిగిలిన కణజాలమును కరగించును. నేత్రోదకములోని విటమిన్ 'సి' పడిపోవును. ఆ విటమినును తిరిగి అందించినచో కార్నియాకు పుండ్లు పడుట తగ్గునని 1970 దశకమున కుందేళ్లపై ఫిస్టర్ మొదలగువారు చూపిరి. నేటి చికిత్సలో దానికి స్థానము కలదు. తొలి విజయవంతమైన కార్నియా మార్పిడి, 1905 డిసెంబరు 7న మొరావియా ప్రాంతమందలి ఒలొమౌట్స్ పట్టణమున ఎడువర్డ్ జిర్మ్ చేసినది, సున్నముచేతనే కన్నులు పోయిన ఒక కూలివానికి. నశించిన మూలకణములను రెండవ కంటినుండి తీసిన చిన్నముక్కతో తిరిగి మొలిపించు సులభపద్ధతిని 2012లో లోకమునకు తెలిపినవారు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థకు చెందిన వీరేంద్ర సంగ్వాన్, ఆయన సహచరులు. కాని అన్నింటికంటె ముఖ్యమైన చికిత్స ఆసుపత్రిలో లేదు: సున్నము పడిన మరుక్షణమే దొరికిన మంచినీళ్లతో, రెప్పలు విప్పి పట్టుకొని, అరగంటకు తక్కువ కాకుండ కన్ను కడుగుటయే అది.

ఆక్సీకరణమువలన ఇంత హాని యున్నచో, దానిని అణచు మాత్రలను దినదినము మ్రింగినచో చాలదా యని పాఠకులకు తోచవచ్చును. అంగళ్లలో ఆ పేరుతో అమ్ముడుపోవు సీసాలకు లెక్క లేదు. ఈ ఆశను పరీక్షకు పెట్టిన మహాప్రయత్నములలో నొకటి ఫిన్లాండులో 29,133 మంది పొగత్రాగు పురుషులపై జరిగి 1994లో వెల్లడి యయ్యెను. బీటా కెరొటిన్ మాత్రలు పొందినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు మారుగా నూటికి 18 వంతులు పెరిగెను! అణచుట మంచిదే కదా యని ఎక్కడబడిన అక్కడ అణచినచో మేలు కలుగదని దీనివలన తేలినది. పైగా రక్తనాళములు లేని కార్నియాకు, మ్రింగిన మాత్ర చేరు త్రోవ చుట్టుతిరుగుడుది. ఫూక్స్ వ్యాధినిగాని, కెరటోకోనస్‌నుగాని మాన్పునని రుజువైన ఆక్సీకరణనిరోధక మాత్ర నేటివరకు లేదు. సరియైన చోట, సరియైన వేళ ప్రయోగించిన విషయము వేరు: కంటిశుక్లమును శబ్దతరంగములతో పొడిచేయు శస్త్రచికిత్సలో హైడ్రాక్సిల్ ప్రాతిపదికలు పుట్టుచుండగా, కన్ను కడుగు ద్రావణములో విటమిన్ 'సి' కలుపుటవలన కుందేళ్లలో ఎండోథీలియపు నష్టము తగ్గినట్లు పరిశోధకులు గమనించిరి. కావున ప్రొద్దుటివేళ చూపు మసకబారువారు శుక్లము తీయించుకొనుటకు ముందే తమ ఎండోథీలియ కణములను లెక్కింపుమని వైద్యుని కోరుట వివేకము.

ఎండోథీలియము చెడినపిదప మిగులు ఉపాయము మార్పిడియే. మొత్తము కార్నియాను మార్చు పద్ధతి పోయి, నెదర్లాండ్సులోని గెరిట్ మెలెస్ 2006లో ప్రచారమునకు తెచ్చిన పద్ధతిచే డెసిమే పొరను, దానిపైనున్న కణముల వరుసను మాత్రమే మార్చుట నేడు సాధ్యమైనది. జపానులోని క్యోటో నగరమున షిగెరు కినొషిత బృందము దాత కార్నియానుండి తీసిన కణములను ప్రయోగశాలలో పెంచి, సూదితో కంటిలోనికి ఎక్కించి, 11 మంది రోగులలో సాధించిన ఫలితములను 2018లో ప్రకటించెను. ఒక దాత కన్ను అనేకులకు పనికివచ్చు దినము దూరము లేదు. కాని ఎంత క్రొత్తపద్ధతి యైనను మొదటి కణము ఎవరో ఒకరి దానమునుండియే రావలెను.

కావున పాఠకులకు మనవి. ఎండలో పనిచేయునపుడు టోపీ గాని, తలగుడ్డ గాని, అతినీలలోహిత కిరణముల నాపు కళ్లద్దములు గాని ధరింపుడు, వెల్డింగు చెంత ముసుగద్దము లేనిదే నిలువకుడు, పిల్లలు కన్నులు నలుపుకొనుచుండిన వారించి వైద్యునికి చూపుడు, సున్నపు పొట్లములను వారికి అందనిచోట నుంచుడు, పొగ మానుడు. ఇంట మరణము సంభవించినపుడు, దుఃఖములోనైనను, 6 గంటలలోపుగా నేత్రనిధికి కబురు చేయుడు; వారు వచ్చువరకు మృతుని రెప్పలు మూసి, తడిదూది యుంచి, తల క్రింద దిండు పెట్టి, పంకాను ఆపుడు. కళ్లద్దములు ధరించినవారును, మధుమేహము గలవారును, వృద్ధులును సైతము నేత్రదానమునకు అర్హులే.